కొత్త కాపురం, అద్దె ఇల్లు: హైదరాబాద్‌లో మొదటి పదకొండు నెలలు

మా పెళ్లికి వచ్చిన కానుకలు విప్పితే ఐదు గోడ గడియారాలు, మూడు డిన్నర్ సెట్లు తేలాయి. బకెట్ ఒక్కటీ లేదు. ఉప్పల్ దగ్గర అద్దెకు తీసుకున్న ఇంట్లో మొదటి రాత్రే నీళ్లు ఆగిపోతే, ఎదురింటావిడ ఇచ్చిన రెండు బిందెల నీళ్లతో తెల్లవార్చాం. ఆ తర్వాత ఈ నగరంలోనే మరో మూడు ఇళ్లు మారాం. కొత్తగా పెళ్లయి ఊళ్ల నుంచి హైదరాబాద్‌కు కాపురానికి వచ్చే పిల్లలు ఎవరు అడిగినా నేను చెప్పే వరుస ఒకటే: ముందు నీళ్లు, తర్వాత కాగితాలు, ఆపైన ఇరుగుపొరుగు, అన్నిటికన్నా చివర సామాను. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మొదటి నెలలోనే సోఫా, పెద్ద టీవీ, డబుల్ డోర్ ఫ్రిజ్ కొని, మూడో నెలలో నీళ్లు లేవని ఇల్లు ఖాళీ చేస్తారు. దింపిన సామానంతా మళ్లీ ఎక్కించాలి.

1. ఇల్లు వెతికేటప్పుడు

ఇద్దరూ ఉద్యోగస్తులైతే రెండు ఆఫీసులకూ సరిగ్గా మధ్యలో ఉండే ఇల్లు అంటూ పట్టుబట్టకండి. మెట్రో దారి చూడండి. ఒక లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు, ఇంకొకటి నాగోల్ నుంచి రాయదుర్గానికి వెళ్తాయి. రెండూ అమీర్‌పేటలో కలుస్తాయి. ఒకరిది హైటెక్ సిటీ, ఇంకొకరిది నాంపల్లి అయినా తార్నాకలోనో కూకట్‌పల్లిలోనో ఉండి ఒక్క బండి మార్చుకుని చేరిపోవచ్చు. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే ఇంటికి నెలకు వెయ్యి, రెండు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. వానాకాలం సాయంత్రాల్లో ఆ విలువ తెలుస్తుంది.

ఇల్లు చూడటానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్తే అన్ని ఇళ్లూ బాగానే ఉంటాయి. మామూలు రోజున పొద్దున ఏడు, ఎనిమిది మధ్య వెళ్లండి. ఆ వేళ ఇంటింటా నీళ్లు వాడతారు కాబట్టి పై అంతస్తు కుళాయిలో ధార ఎంత సన్నగా వస్తుందో కనిపిస్తుంది. అడగవలసినవి ఇవి. నల్లా నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయి? బోరు ఏప్రిల్, మే నెలల్లో కూడా పలుకుతుందా? ట్యాంకర్ తెప్పిస్తే డబ్బు ఓనరు ఇస్తారా, అందరూ పంచుకుంటారా? ఈ ప్రశ్నలు ఓనరును అడిగితే మంచి జవాబే వస్తుంది. నిజమైన జవాబు కావాలంటే వాచ్‌మన్‌ను, మెట్ల మీద ఎదురైన మనిషిని అడగాలి. నగరానికి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వస్తాయన్నది నిజమే. అవి మీ వీధి చివరి పైపు దాకా వస్తాయా అన్నదే మీకు కావలసిన సంగతి.

ఇంకో చిన్న పరీక్ష. స్నానాల గదిలో కుళాయి మూతి చూడండి. తెల్లగా సున్నం పేరుకుని ఉంటే అవి ఉప్పు నీళ్లు. ఆ నీళ్లలో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు, సబ్బు నురగ రాదు, గీజరు తొందరగా పాడవుతుంది. ఇల్లు మిగతా అన్నిటా బాగుంటే తీసుకోండి కానీ తాగడానికి, వంటకు వేరే నీళ్ల ఖర్చు అద్దెలో కలిపి లెక్క వేసుకోండి.

ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి, ‘నేను సైన్యంలో ఉన్నాను, బదిలీ అయింది, టోకెన్ పంపితే తాళాలు కొరియర్ చేస్తాను’ అనే మనిషికి రూపాయి కూడా పంపకండి. ఇది పాత మోసమే అయినా కొత్త జంటలు ఇంకా పడుతున్నారు. ఒకవేళ పంపేస్తే వెంటనే 1930కి ఫోను చేయాలి. గంటల్లో చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం ఉంటుంది.

ముహూర్తాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆషాఢంలో కొత్త ఇంట్లోకి దిగేవారు తక్కువ కాబట్టి ఆ నెలలో టు-లెట్ బోర్డులు ఎక్కువ రోజులు వేలాడతాయి, బేరానికి ఓనర్లు కొంచెం మెత్తబడతారు. మా రెండో ఇల్లు ఆషాఢంలో మాట్లాడుకుని, శ్రావణం వచ్చాక దిగాం. పెద్దవాళ్లకు సంతోషం, మాకు నెలకు ఏడు వందలు మిగులు.

2. అడ్వాన్సు, అగ్రిమెంటు

ఇక్కడ సాధారణంగా రెండు నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టం కూడా నివాస గృహాలకు రెండు నెలలకు మించవద్దనే చెబుతుంది. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టంగా తెచ్చుకుంటేనే అమలవుతుంది. మూడు నెలలు, నాలుగు నెలలు అడిగితే ఆ మాట గుర్తుచేసి బేరమాడటానికి పనికొస్తుంది.

అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారన్నది చాలామందికి తెలియదు. ఏడాదికి మించిన లీజులకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి అవుతుంది. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే ఈ పదకొండు. స్టాంపు కాగితం మీద సంతకం పెట్టే ముందు నాలుగు విషయాలు అందులో ఉన్నాయో లేదో వేలు పెట్టి చదవండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారు? ఎన్ని నెలల ముందు చెప్పాలి? మెయింటెనెన్స్ అద్దెలోదా, వేరా? మరమ్మతులలో ఎవరి వాటా ఎంత? రంగుల పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలే. మా మొదటి ఓనరు గోడకు ఒక మేకు కొట్టినందుకు కూడా లెక్క వేశారు. కాగితంలో లేదని చూపిస్తే తగ్గారు.

అగ్రిమెంటు అప్పుడే ఓనరు పాన్ నంబరు కూడా తీసుకోండి. మీరు పాత పన్ను విధానంలో ఉండి, ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి అద్దె మినహాయింపుకు ఆఫీసులో అది అడుగుతారు. తర్వాత అడిగితే ఓనరు ఫోను ఎత్తరు.

3. తాళం చేతికొచ్చిన రోజు

పాలు పొంగించడం ముందా, సామాను ముందా అని అడిగితే, ముందు ఫోటోలు. గోడల మరకలు, విరిగిన టైలు, కారుతున్న కుళాయి, పట్టని గొళ్లెం అన్నీ తీసి అదే రోజు ఓనరుకు పంపండి. ఖాళీ చేసే రోజున ఆ ఫోటోలే మీ సాక్షులు. తర్వాత కరెంటు మీటరు అంకె ఫోటో తీయండి. పాత బకాయి ఉందేమో సర్వీసు నంబరుతో చూసుకుని, ఉంటే ఓనరు చేతనే కట్టించండి. ఆహారభద్రతా కార్డు ఉన్న కుటుంబాలకు తెలంగాణలో నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమిచ్చే గృహజ్యోతి అద్దెకున్నవారికి కూడా వర్తిస్తుంది. కరెంటు పోతే 1912.

ఇప్పుడు పాలు. అద్దె ఇల్లు కదా, ఇదంతా ఎందుకు అనుకునేవారిని చాలామందిని చూశాను. నా మాట వినండి, పొంగించండి. మీకు నమ్మకం లేకపోయినా ఫోనులో చూస్తున్న రెండు కుటుంబాలకూ అదొక భరోసా. పాలు పొంగుతున్నంతసేపూ పొయ్యి దగ్గర ఇద్దరూ నిలబడి ఉండాలి. మూడు నిమిషాలు ఒకే గిన్నె వంక చూడటం కొత్త కాపురంలో మళ్లీ అంత తేలిగ్గా కుదరదు. ఆ పాలతో పరమాన్నం చేసి పక్కింటికి ఒక గిన్నె పంపితే పరిచయం అప్పుడే మొదలవుతుంది.

4. పొయ్యి, వంటిల్లు

ఊళ్లో మీ పేరుతో గ్యాస్ కనెక్షన్ ఉంటే సిలిండర్, రెగ్యులేటర్ అక్కడి ఏజెన్సీలో అప్పగించి బదిలీ కాగితం తెచ్చుకోండి. డిపాజిట్ తిరిగి వస్తుంది, ఇక్కడ ఆ కాగితంతో కనెక్షన్ సులువు. ఇది కుదిరేదాకా 5 కిలోల చిన్న సిలిండర్ కొనుక్కోవచ్చు. దానికి చిరునామా రుజువు అడగరు, గుర్తింపు కార్డు చాలు. ఎవరో వదిలేసి వెళ్లిన పాత గొట్టం మాత్రం వాడకండి. ఐదేళ్లకోసారి మార్చాల్సిన వస్తువు అది. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, 1906కు ఫోను చేయాలి. ఈ నంబరు పొయ్యి పక్క గోడకు రాసిపెట్టుకోండి.

మొదటి నెలకు కావలసినవి: మూడు లీటర్ల కుక్కర్, ఒక బాణలి, పెనం, రెండు గిన్నెలు, పోపుల పెట్టె, మిక్సీ, చాకు, రెండు బకెట్లు. అవును, బకెట్లు. బియ్యం పాతిక కిలోల బస్తా వేయించుకోవద్దు. ఇద్దరికి నెలకు పది, పన్నెండు కిలోలకు మించదు. మూడో నెలలో పురుగు పట్టిన బియ్యం ఎండబెట్టడానికి డాబా వెతుక్కోవలసి వస్తుంది. మిగతా సామాను ఏది కొనాలన్నా, అది లేక మూడుసార్లు ఇబ్బంది పడ్డాకే కొనండి. మా ఇంట్లో ఈ నియమం వల్ల వెట్ గ్రైండర్ వచ్చింది, ఓవెన్ రాలేదు.

5. కాగితాలు

వివాహ నమోదుతో మొదలుపెట్టాలి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2002 నాటి చట్టం ప్రకారం అన్ని మతాల పెళ్లిళ్లకూ నమోదు తప్పనిసరి. శుభలేఖ, పెళ్లి ఫోటోలు, వయసు రుజువులు, చిరునామా రుజువులు, సాక్షులు కావాలి. మూడు నెలలు గడిచాక శుభలేఖ దొరకదు, సాక్షి దుబాయ్ వెళ్లిపోతాడు. అందుకే పెళ్లి మాల వాడకముందే ఈ పని చేయించండి.

తర్వాత ఆధార్‌లో చిరునామా. ఇద్దరిలో ఒకరిది మారితే రెండోవారిది తేలిక. కుటుంబ పెద్ద అంగీకారంతో ఆన్‌లైన్‌లో మార్చుకునే పద్ధతి 2023 నుంచి ఉంది, భార్యాభర్తలకు అది వర్తిస్తుంది. అడిగిన ముప్పై రోజుల్లోపు పెద్దగా పేరు పెట్టిన మనిషి ఒప్పుకోవాలి, లేకపోతే దరఖాస్తు మురిగిపోతుంది. ఓటు మార్చుకోవడానికి ఫారం 8. రేషన్ కార్డులో పేరు చేర్చాలంటే ముందు పుట్టింటి కార్డులో తీయించాలి.

ఇంటి పేరు దగ్గర కాస్త ఆగుదాం. పెళ్లయిన మర్నాడే అమ్మాయి ఇంటి పేరు మార్చెయ్యాలని తొందరపెట్టే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. చట్టం అలా అడగదు. పదో తరగతి సర్టిఫికెట్, డిగ్రీ, పాన్, పాస్‌పోర్టు, ఉద్యోగం అన్నీ ఒక పేరుతో ఉన్నాక ఆధార్‌లో మాత్రం మార్చుకుంటే ప్రతి కౌంటర్ దగ్గరా వివరణ ఇచ్చుకోవడమే పని. పైగా ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. మార్చుకోవాలని ఆమెకే ఉంటే అన్ని చోట్లా మార్చుకోండి, లేదంటే ఎక్కడా వద్దు. నేను మార్చుకోలేదు. పేరంటాల్లో మాత్రం అత్తవారి ఇంటి పేరుతోనే పిలుస్తారు, పలుకుతాను.

ఎవరూ గుర్తుచేయని కాగితం ఒకటుంది, నామినేషన్. పెళ్లికి ముందు ప్రావిడెంట్ ఫండ్‌లో ఎవరి పేరు రాసినా, పెళ్లి తర్వాత భార్య లేదా భర్త పేరుతో కొత్తగా నమోదు చేయాలి. బ్యాంకు ఖాతాలు, బీమా పాలసీలలోనూ చూసుకోండి. ఆఫీసు ఆరోగ్య బీమాలో జీవిత భాగస్వామిని చేర్చడానికి చాలా సంస్థలు పెళ్లయిన కొద్ది వారాలే గడువిస్తాయి. అది దాటితే ఏడాది ఆగాలి. ఇక పెళ్లిలో అమ్మాయికి పెట్టిన నగలు ఆమె స్త్రీధనం. లాకరు ఎక్కడ తీసుకున్నా ఆమె పేరు అందులో ఉండాలి.

6. ఇరుగుపొరుగు

ఇళ్లు పక్కపక్కనే ఉన్నంత మాత్రాన పరిచయాలు కావు. ఆ పని చేయించడానికే మన పెద్దవాళ్లు సారె అనే పద్ధతి పెట్టారని నా నమ్మకం. అమ్మాయి కాపురానికి వస్తుంటే పుట్టింటివారు లడ్డూలు, అరిసెలు, సున్నుండలు, చలిమిడి, గోదావరి వైపువారైతే తాపేశ్వరం కాజాలు కూడా కట్టి పంపుతారు. తెలంగాణ ఇళ్ల నుంచి సకినాలు వస్తాయి. అంత తీపి ఇద్దరు తినలేరని కట్టేవారికీ తెలుసు, అది పంచడానికే. నగరంలో చేసే పొరపాటు ఏమిటంటే, సారెనంతా పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న బంధువులకు ఆదివారాల్లో మోసుకెళ్లి, ఎదురింటికి ఒక్క అరిసె కూడా ఇవ్వకపోవడం.

సారె వచ్చిన వారంలోనే సాయంత్రం ఆరు, ఏడు మధ్య మీ అంతస్తు, పైన, కింద ఉన్న ఇళ్లకు వెళ్లండి. ఇద్దరూ కలిసి వెళ్లాలి. అబ్బాయి ఫోను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోతే ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇరుగుపొరుగు వ్యవహారమంతా అమ్మాయి నెత్తినే పడుతుంది. పేర్లు, సొంత ఊరు, ఏ ఫ్లాటో చెప్పండి. ఐదు నిమిషాలకు మించి కూర్చోకండి. వచ్చేముందు ఒక చిన్న సాయం అడగండి: పాలు ఎవరి దగ్గర వేయించుకుంటున్నారు, మంచి ప్లంబర్ ఎవరు, మీ ఇంట్లో పనిచేసే ఆవిడకు ఇంకో ఇల్లు కుదురుతుందా అని. ‘ఏ సాయం కావాలన్నా అడగండి’ అని మీరు చెబితే వారు నవ్వి ఊరుకుంటారు. మీరే అడిగితే పని మాట్లాడి పెడతారు, మర్నాడు పని అయిందో లేదో కనుక్కోవడానికి వస్తారు. మాట అలా కలుస్తుంది.

గిన్నెల లెక్క కూడా తెలిసి ఉండాలి. పక్కింటి నుంచి కూర గిన్నె వస్తే అది ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. ఏమీ లేకపోతే నాలుగు పండ్లు, కాస్త పంచదార అయినా వేయాలి. రంజాన్ పండుగకు ముస్లిం ఇరుగువారి నుంచి షీర్ ఖుర్మా వస్తుంది, సంక్రాంతికి మీ అరిసెలు అదే గిన్నెలో వెళ్తాయి. మా మూడో ఇంట్లో ఒక స్టీలు గిన్నె రెండేళ్లపాటు ఇటూ అటూ తిరిగింది. అది అసలు ఎవరిదో చివరికి ఇద్దరికీ తెలియలేదు.

మొదటి ఏడాది పండుగల వరుస ముందే తెలుసుకుంటే ఇబ్బందులు తక్కువ. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్లే ఆచారం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. ఉద్యోగం ఉంటే ఎన్నాళ్లు వెళ్లాలో ముందే రెండు ఇళ్లతో మాట్లాడుకోండి. అదే నెలలో గోల్కొండలో మొదలయ్యే బోనాలు నగరమంతా సాగుతాయి, వీధిలో చందా అడిగితే ఇవ్వండి. శ్రావణ శుక్రవారాల్లో బొట్టు పెట్టి పేరంటానికి పిలుస్తారు. ముఖపరిచయం లేని ఇల్లయినా వెళ్లండి. నానబెట్టిన శనగలు ప్రతి ఇంట్లోనూ ఇస్తారు. మొదటి శ్రావణంలో నేను ఒక్క సాయంత్రం ఏడు ఇళ్లు తిరిగి వచ్చాక వారమంతా మా ఇంట్లో శనగల తాలింపు, శనగల కూర, శనగల వడలు. మా ఆయన ఇప్పటికీ శ్రావణమంటే భయపడతారు. ఆ ఏడు ఇళ్లలోనే నాకు డాక్టర్ పేరు, టైలర్ పేరు, కాలనీ రాజకీయాలు అన్నీ తెలిశాయి.

ఆంధ్ర నుంచి వచ్చిన అమ్మాయిలు బతుకమ్మ దగ్గర మొహమాటపడి బాల్కనీలో నిలబడిపోతుంటారు. పాటలు రాకపోతే ఏమీ కాదు. ఒకరు పాడితే మిగతావారు అందుకుంటారు, చప్పట్లు కొడుతూ వలయంలో నడిస్తే చాలు. ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులుంది కదా, మూడో రోజుకు అడుగులు వచ్చేస్తాయి. తంగేడు, గునుగు పూలు ఎక్కడ దొరుకుతాయో పక్కింటి పెద్దావిడను అడగండి, పేర్చడం కూడా ఆవిడే నేర్పిస్తుంది. వ్రతాలు, పూజలు నమ్మనివారు ఇవన్నీ మనకెందుకనుకోవద్దు. అక్కడికి మనుషులు వస్తారు, వెళ్లడానికి ఆ కారణం చాలు.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొదటి నెల చదవడమే తప్ప రాయకండి. ఏ ఫ్లాటుకు ఏ ఫ్లాటుతో పార్కింగ్ తగాదా ఉందో తెలియకుండా వేలు పెడితే అందులో మీరూ ఒక పక్షం అయిపోతారు. తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా ఇవ్వడం, మెయింటెనెన్స్ అడగకముందే కట్టడం, మెట్ల మీద చెప్పులు గుట్టగా పెట్టకపోవడం. మంచి కిరాయిదారులన్న పేరుకు ఈ మూడూ చాలు. ఆపదలో 112, మహిళలకు 181 అని ఇద్దరి ఫోనుల్లోనూ ఉండాలి. ఒక పొరుగింటివారి నంబరు మీ రెండు కుటుంబాల దగ్గరా ఉండాలి. ఫోను ఎత్తకపోతే తలుపు కొట్టి చూసే మనిషి ఊళ్లోని అమ్మకు ఎంత ధైర్యమో నేను చూశాను.

7. ఇంటి లోపల

దీని గురించి సలహాలివ్వడం నాకు పెద్దగా ఇష్టం ఉండదు, రెండు మాటలతో వదిలేస్తాను. నెలలో ఒక రోజు ఇద్దరూ కూర్చుని లెక్కలు చూసుకోండి. అద్దె, కరెంటు, కిరాణా ఒక ఉమ్మడి ఖాతా నుంచి పోవాలి. ఎవరి జీతంలో కొంత వారి చేతిలోనే ఉండాలి. ఊరికి పంపే డబ్బు ఎంతో ఇద్దరికీ తెలిసి ఉండాలి, అది అమ్మాయి పుట్టింటికి వెళ్లేదైనా సరే.

వేసవి చివర రెండు ఇళ్ల నుంచీ రెండు జాడీల ఆవకాయ వస్తుంది. ఏది బాగుందన్న ప్రశ్నకు ఫోనులో జవాబు చెప్పవద్దు.

8. పదో నెలలో

అగ్రిమెంటు ముగిసే దాకా ఆగితే మాట ఓనరు చేతిలో ఉంటుంది. పదో నెల మొదట్లోనే మీరే ఫోను చేయండి. అద్దె పెంపు మాటకు ముందు చేయించాల్సిన పనుల జాబితా పెట్టండి: కారుతున్న సింకు, వంగిన తలుపు, దోమల తెర. చెప్పిన తేదీకి అద్దె ఇచ్చే జంటను వదులుకుని కొత్తవారిని వెతుక్కోవడం ఓనరుకు కూడా కష్టమే, ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే పోయే డబ్బు ఎంతో ఆయనకు తెలుసు. పెంపు ఎక్కువనిపిస్తే, అదే అపార్ట్‌మెంట్‌లో మిగతావారు ఎంత కడుతున్నారో కనుక్కోండి. మొదటి వారం సారె పట్టుకుని వెళ్లిన ఇళ్లవారైతే దాచకుండా చెబుతారు.